మూతపడిన నూలు దుకాణము



ఒక ఊరిలో బడి మూతపడినచో నలుగురును అడుగుదురు. గుడిలో దీపము పెట్టువాడు లేకపోయినచో ఊరెల్ల చెప్పుకొనును. నూలు దుకాణము మూతపడినచో మాత్రము ఆ వీథివారికి తక్క నితరులకు తెలియనే తెలియదు. గడచిన సంవత్సరము మా ఊరి నేతపనివారల సహకార సంఘమువారు తమ నూలు దుకాణమును మూసివేసిరి. పత్రికలలో ఒక్క పంక్తియైనను రాలేదు. ఆ దుకాణము చేయుచుండిన పని యేమి, అది యేల మూతపడెను, దానివలన ఎవరికేమి పోయెను అను సంగతులను ఈ పూట మీకు విన్నవింప దలచితిని.

నేను నేతగాడను కాను. తెలుగు పండితుడను. ఆ దుకాణమునకు ఎదుటనున్న బడిలో ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. మధ్యాహ్నపు విరామమున ఆ దుకాణపు అరుగుమీద కూర్చుండుట నాకు వాడుక. అక్కడ విన్నదియు, కన్నదియు, పుస్తకములలో సరిచూచుకొన్నదియు కలిపి చెప్పుచున్నాను.

మొదట ఆ మాటనే చూడుడు. నూలు అను పదము తెలుగునకు, తమిళమునకు, కన్నడమునకు ఉమ్మడి సొత్తు. తమిళమున నూల్ అనగా దారమనియు, శాస్త్రగ్రంథమనియు రెండర్థములు కలవు. సంస్కృతమున సూత్రమన్న మాటయు నట్టిదే. దారమును సూత్రమే, పాణిని వ్రాసినదియు సూత్రమే. మనము వాడుకొను ఓతప్రోతమన్న మాట మగ్గము మీదినుండి వచ్చినదే. వ్యాకరణము చదువుకొన్నవాడు నేతవీథికి పరాయివాడేమియు కాడని నేను పిల్లలతో చెప్పుచుండెడివాడను. వారు నవ్వెడివారు. వారి తండ్రులు నవ్వెడివారు కారు.

ఇక నూలుకు నంబరు అను లెక్క యొకటి కలదు. అరువది నంబరు, ఎనుబది నంబరు, నూరు నంబరు అని నేతవారు చెప్పుకొనుట మీరు వినియుందురు. దాని అర్థము చాలమందికి తెలియదు. నూలును 840 గజముల చొప్పున చుట్టి ఒక చిలపగా కట్టుదురు. ఒక పౌను బరువునకు ఇట్టి చిలపలు ఎన్ని తూగునో అదియే ఆ నూలు నంబరు. పౌనుకు 20 చిలపలు తూగినచో 20 నంబరు, అది ముతక. 100 తూగినచో 100 నంబరు, అది సన్నము. నంబరు పెరిగినకొలది దారము సన్నగిల్లును. లోకములోని లెక్కలకు ఇది తలక్రిందుగా తోచినను పనివానికి మిక్కిలి అనుకూలమైన లెక్క. తక్కెడలో తూచి కొన్న సరకు తన మగ్గము మీద ఎంత పొడవు పారునో వానికి వెంటనే తెలియును.

మా బడిలో లెక్కల ఉపాధ్యాయుడు సెలవు పెట్టిననాడు నేనొక లెక్క ఇచ్చెడివాడను. చీర వెడల్పు 46 అంగుళములు. అంగుళమునకు పడుగులో 80 పోగులు. పొడవు ఆరు గజములు. నూలు 80 నంబరు. పడుగునకు ఎంత నూలు పట్టును? 46ను 80తో హెచ్చించిన 3,680 పోగులు. దానిని ఆరుతో హెచ్చించిన 22,080 గజములు. 840తో భాగించిన 26 చిలపలకు కొంచెము పైన. పౌనుకు 80 చిలపలు గనుక బరువు పౌనులో మూడవవంతు మాత్రమే. పేకకును ఇంచుమించు అంతే పట్టును. అనగా మీ యింట మడతపెట్టియున్న ఒక సాదాచీరలో ఇరువదియైదు మైళ్ల పొడవు నూలు కలదన్నమాట! నేతవారి పిల్లలు ఈ లెక్కను తక్కినవారికంటె ముందుగా చేసెడివారు. వ్రాసి చేయుమన్నచో మాత్రము ఆలస్యము చేసెడివారు.

ఈ లెక్క చెప్పుటకు కారణము కలదు. మిల్లునుండి నూలు చిల్లరగా రాదు. కట్టలుగా వచ్చును. పాతలెక్కలో కట్ట పది పౌనులు, నేటి తూనికలో 4.54 కిలోలు. 80 నంబరు నూలు కట్ట యొకటి సుమారు 15 చీరలకు సరిపోవును. ఒక్క మగ్గము, ఇంటిల్లిపాది శ్రమ తప్ప వేరు ఆస్తి లేనివానికి 15 చీరల నూలును ఒకేమారు కొనుట ఎట్లు సాధ్యము? పైగా చీరయన్న తరువాత అంచు కావలెను, కొంగు కావలెను. అంచునకు ఎరుపు కొంత, పచ్చ కొంత. ఒక్కొక్క రంగులో ఒక్కొక్క కట్ట కొనవలసివచ్చినచో వాని యిల్లు నూలుతో నిండును, కడుపు నిండదు. అక్కడనే నూలు దుకాణమునకు పని. కట్ట విప్పి చిల్లరగా అమ్ముట. ఎవనికెంత కావలెనో అంత తూచి యిచ్చుట. చిన్నపనిగా కనబడును గాని, ఒక్క మగ్గపు నేతగాడు స్వతంత్రుడై బ్రదుకుట యంతయు ఆ చిన్నపని మీద ఆధారపడియున్నది.

స్వతంత్రుడన్న మాటను కొంత వివరింపవలెను. నేతవీథిలో మూడు తెగలవారు కలరు. తన నూలు తాను కొని, నేసి, తన బట్ట తానమ్ముకొనువాడొకడు. సహకార సంఘమున సభ్యుడై, సంఘమిచ్చిన నూలుతో నేసి, బట్టను సంఘమునకే అప్పగించి మజూరీ తీసికొనువాడొకడు. షావుకారు పోసి యిచ్చిన పడుగును నేసి, ఆయన చెప్పిన మజూరీకి లోబడువాడు మూడవవాడు. ఈ షావుకారునే నేడు మాస్టరు వీవరనుచున్నారు. షావుకార్లందరును చెడ్డవారని నేననను. కష్టకాలమున పెండ్లికి, వైద్యమునకు బాకీ యిచ్చువారు వారే. అయితే ఆ బాకీ తీరువరకు నేతగాడు మరియొకరికి నేయరాదు. రంగు మార్చుమని గాని, మజూరీ పెంచుమని గాని గట్టిగా అనలేడు. మగ్గము వానిదే, యిల్లు వానిదే, చేతులు వానివే. నూలు మాత్రము వానిది కాదు. నూలు ఎవనిదో బట్ట వానిది. ఇంతకంటె సూక్ష్మమేమియు లేదు.

ఊరిలో చిల్లరనూలు దొరకునంతకాలము మూడవవాడు ఎప్పటికైనను మొదటివాడగుటకు దారి కలదు. షావుకారు పనిచేయుచునే మిగిలిన వేళ రెండు చీరల నూలు తాను కొని నేసి సంతలో అమ్ముకొనవచ్చును. మా వీథిలో అట్లు నిలద్రొక్కుకొన్నవారిని నేనెరుగుదును. దుకాణము మూతపడిన తరువాత ఆ దారి మూతపడినది. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

నూలు ఎల్లకాలము కొని తెచ్చుకొనునదియు కాదు. పూర్వము ఊరి స్త్రీలు పత్తి ఏకి, ఏకులు చేసి, రాట్నముమీద వడికిన నూలునే నేతవారు నేసెడివారు. ఆ నూలుతో నేసిన బట్టలే మచిలీపట్నము రేవునుండి దేశాంతరములకు పోయినవి. నరసాపురము చేరువ మాధవాయపాలెమను ఊరుండెను. అక్కడి బట్టకు ఆంగ్లవర్తకులు ఆ ఊరి పేరునే తమ నోట త్రిప్పి మడపోలమని పెట్టిరి. ఆ పేరు నేటికిని ఆంగ్ల నిఘంటువులలో ఒక విధమైన నూలుబట్టకు నిలిచియున్నది. ఊరు పేరు మనవారు మరచిరి, బట్ట పేరుగా వారు దాచిరి!

పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున ఇంగ్లండునుండి మరనూలు రాసాగెను. అది సమముగా నుండెను, చౌకగా నుండెను. వడుకు స్త్రీల జీవనము అంతటితో పోయెను. తరువాత 1850ల నుండి బొంబాయిలో మొదలుకొని మనదేశమునను నూలుమిల్లులు లేచినవి. మరబట్ట వచ్చినను చేనేత చావలేదు. అది నిజముగా ఆశ్చర్యము. అయితే మిల్లులు నేతగానికి ఒకేమారు రెండు విధములుగా దాపురించినవి. బట్ట నేయుటలో అవి వానికి పోటీదార్లు, నూలు వడుకుటలో అవియే వానికి దాతలు. పోటీదారుని చేతిలో ముడిసరకు ఉన్న వృత్తి మరియొకటి మీకు తెలిసినచో చెప్పుడు.

శ్రీకాకుళము జిల్లా పొందూరున మాత్రము ఇప్పటికిని స్త్రీలు చేతితో నూలు వడుకుచున్నారు. వాలుగచేప దవడ యెముకకున్న సన్నని పండ్లతో పత్తిని దువ్వి, నూరు నంబరు వరకు సన్నని నూలు తీయుదురు. అక్కడ దుకాణమున కొనుట లేదు. ఖాదీ సంఘము పత్తి నిచ్చి నూలు తీసికొనును. అది యొక్క ఊరి సంగతి. తక్కిన తెలుగుదేశమున మంగళగిరి కానిండు, వెంకటగిరి కానిండు, చీరాల కానిండు, మగ్గముమీద నడచు నూలు మిల్లునుండి వచ్చునదే.

మిల్లునకును మగ్గమునకును నడుమ వర్తకులు పెరిగిరి. ఆ వర్తకుల పట్టు సడలించుటకే సహకార సంఘములు పుట్టినవి. 1904లో సహకార చట్టము వచ్చినది. చెన్నరాజధానిలో నేతవారి సంఘములకు పైన 1935లో రాష్ట్ర సంఘమేర్పడినది. ఆచార్య రంగాగారు 1930లోనే దక్షిణదేశపు చేనేత ఆర్థికస్థితిని గూర్చి గ్రంథము వ్రాసియుండిరి. నిడుబ్రోలు వాస్తవ్యులు ప్రగడ కోటయ్యగారు తమ జీవితమునంతయు నేతవారి సంఘములకు ధారవోసిరి. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాలయమునకు నేడు వారి పేరు కలదు. యుద్ధకాలమున 1943లో బట్టకును నూలుకును కంట్రోలు వచ్చినది. ఆనాటి నూలుకరువును చూచిన వృద్ధులు నా చిన్నతనమున ఇంకను ఉండిరి. కార్డుమీద వచ్చిన నాలుగు చిలపలకై తెల్లవారకముందే వరుసలో నిలుచుటను గూర్చి వారు చెప్పుచుండిరి. సంఘపు నూలు దుకాణములకు ఆనాడు కలిగిన గౌరవము సామాన్యము కాదు.

స్వాతంత్ర్యానంతరము నేతవారే మిల్లును పెట్టుకొనవలెనన్న సాహసము కూడ జరిగినది. గుంతకల్లునను చీరాలలోను సహకార నూలుమిల్లులు లేచినవి. అవి యేవియు నేడు తిరుగుట లేదు. 1976లో ఆంధ్ర తెలంగాణముల శిఖరసంఘములు ఆప్కో అను పేర ఒక్కటైనవి. 1983లో కేంద్రప్రభుత్వమువారు జాతీయ చేనేత అభివృద్ధి సంస్థను స్థాపించిరి. మిల్లు ధరకే నూలు అందించుట దాని ప్రధానకార్యము. నూలుపై తొలుత నూటికి 10, 2021-22 నుండి నూటికి 15 వంతున రాయితీ యిచ్చుచున్నారు.

చిలప నూలును గూర్చి వేరుగా చెప్పవలసినది కొంత కలదు. మరమగ్గమునకు నూలు కోనులుగా చుట్టి రావలెను. చేతిమగ్గమునకు చిలపలుగా రావలెను. చిలపగా ఉన్ననే రంగు అద్దుట తేలిక, గంజి పెట్టుట తేలిక. మిల్లులకు కోను చుట్టుటయే లాభము. చిలప చుట్టుట వారికి అదనపు శ్రమ. అందుచేత ప్రతి మిల్లును దేశములో అమ్ము నూలులో కొంతభాగమును చిలపలుగానే కట్టవలెనని ప్రభుత్వము నియమము చేసినది. ఆ భాగము మొదట నూటికి 50 ఉండెను. 2003లో 40 చేసిరి. 2019లో 30కి దించిరి. మగ్గములు తగ్గినవి గనుక చిలపలును తగ్గవచ్చునని వాదము. చిలపలు దొరకక మగ్గములు తగ్గినవని నేతవారి ప్రతివాదము. ఈ రెంటిలో ఏది ముందు ఏది వెనుక యని తేల్చుటకు బీజాంకురన్యాయము చదివిన నావంటివానికే కష్టము. అయితే ఒక్కటి మాత్రము నిశ్చయము. చేతిమగ్గము పేర కట్టిన చిలపనూలులో కొంత దొంగదారిన మరమగ్గములకు పోవుచుండెననుట అందరును ఒప్పుకొన్నదే. అట్లు పోయిన నూలు కాగితముమీద నేతగానిదే.

నూలుధర పెరిగినచో ఏమగునో 1991లో చూచితిమి. ధర హఠాత్తుగా ఎగిరినది. నేసిన బట్టకు ధర పెరుగలేదు. ప్రకాశము, గుంటూరు జిల్లాల నేతవీథులలో ఆకలిచావులు కలిగెనని పత్రికలు ఘోషించినవి. పంట పోయినచో కరువు వచ్చుట మనమెరిగినదే. పత్తి పుష్కలముగా పండుచుండగా, నూలు ఓడలకెక్కి పరదేశములకు పోవుచుండగా, నూలు లేక మనిషి పస్తుండుట విపరీతము. ఆనాడు మా ఊరి దుకాణపు గుమాస్తా పాతధరకు కొన్న సరకును పాతధరకే, మనిషికింత యని పంచి యిచ్చెను. క్రొత్తధర కమ్మినచో సంఘమునకు లాభము వచ్చియుండును. కార్యవర్గములో దానిపై తగవు జరిగినది. నాకు తెలిసినంతలో ఆ తగవులో ఓడినవారికే తరువాతి యెన్నికలలో ఓట్లు తగ్గినవి.

ఆ గుమాస్తాను గూర్చి ఒక మాట చెప్పక ముందునకు సాగలేను. ఆయన చదివినది ఎనిమిదవ తరగతి. చిలపనుండి ఒక పోగు తీసి రెండుచేతుల వ్రేళ్లనడుమ పురి విప్పి, మరల బిగించి, ముందుపండ్లతో తెంపి, "ఇది ఎనభై అని చీటీ వేశారు గాని డెబ్బై అయిదు దాటదు" అనెడివాడు. తూచి చూచిన అంతే. మిల్లువారి చీటీని నమ్మి కొన్న నేతగానికి బట్ట బరువెక్కును, గజములు తగ్గును, నష్టము వానిదే. దుకాణములో ఆ పరీక్ష జరిగిన తరువాతనే నూలు వీథిలోనికి పోవుచుండెను. నాణ్యతకు ముద్రలు, ధ్రువపత్రములు నేడు చాల వచ్చినవి. ఆ ముందుపండ్ల పరీక్ష యిప్పుడెవరు చేయుచున్నారో నాకు కనబడలేదు.

అరుగు మాట యెత్తితిని గదా. నేత ఒక్కని పని కాదు. చిలపను రాట్నముమీద వేసి కండెలు చుట్టునది ముసలివారు, స్త్రీలు, బడినుండి వచ్చిన పిల్లలు. పడుగు పోయవలెను, వీథిలో చాపి గంజి పెట్టి కుంచెతో దువ్వవలెను, పాతపడుగు చివరలకు క్రొత్తపడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి అచ్చు అతుకవలెను. 3,680 పోగులన్న లెక్క యిందాక చెప్పితిని. అన్ని ముళ్లు వేయవలెనన్న మాట. ఈ పనులన్నిటికి మనుష్యులు ఎక్కడ కుదురుదురు? దుకాణపు అరుగుమీదనే. పడుగు సరి చేయుటకు రేపు ఎవరి వంతు, అచ్చు అతుకువాడు ఏ యింట ఖాళీగా నున్నాడు, ఎవరి కోడలికి కండెలు చుట్టు పని కావలెను, అన్నియు అక్కడనే తెలియును. నాడెలు, పన్నెలు, రంగులు అక్కడనే దొరకును. భర్త పోయిన స్త్రీలు ఇద్దరు ముగ్గురు మధ్యాహ్నమెల్ల ఆ అరుగునే రాట్నములు పెట్టుకొని కండెలు చుట్టుకొనుచుండిరి. ఇంట ఒంటరిగా చుట్టుటకంటె నలుగురిలో చుట్టుట వారికి హాయి. వారిలో నొకామె నాతో, "పంతులుగారూ, ఇంట్లో చుడితే కండె నిండుతుంది, ఇక్కడ చుడితే పొద్దు నిండుతుంది" అన్నది. నేను అలంకారశాస్త్రము చదివితిని గాని అంత చక్కగా చెప్పలేను.

మరి యింత పనికివచ్చు దుకాణమేల మూతపడెను? ఎవరో యొకరు చెడ్డవారై మూయలేదు. మగ్గములు తగ్గినవి. దేశమంతట నేతవారు, అనుబంధ పనివారు కలిసి 1995 లెక్కలలో 65 లక్షలకు పైగా నుండిరి. 2009-10లో 43 లక్షలకు పైగా, 2019-20లో 35 లక్షలకు పైగా మాత్రమే తేలిరి. నేను ఉద్యోగమున చేరిననాడు నా తరగతిలో సగమునకు మించి నేతవారి పిల్లలు. వారు నేత నేర్చినవారు. కడపటి సంవత్సరమున కూడ సగమునకు మించి నేతవారి పిల్లలే. వారిలో మగ్గమెక్కినవారు ఇరువురు. పిల్లలు చదువుకొని ఇతర ఉద్యోగములకు పోవుట మంచిదే. దానికి నేనును కారకుడనే గనుక దానిని నిందించుట నాకు తగదు, నిందింపను కూడ.

రెండవకారణము సొమ్ము. సంఘము నేసిన బట్టను కొనవలసిన పెద్ద సంస్థ బట్ట తీసికొనును, సొమ్ము నెలల తరబడి ఇయ్యదు. నూలు కొనుటకు మాత్రము సొమ్ము ముందు కట్టవలెను. ఈ రెంటి నడుమ సంఘపు మూలధనము నలిగిపోయినది. సభ్యులకు అరువిచ్చిన నూలుబాకీ కొంత రాలేదు. రానిబాకీలలో పెక్కు బ్రదికిలేనివారివి.

మూడవకారణము రాయితీ కట్టిన చిక్కు. రాయితీ తన పేర నూలు కొన్నవానికి వచ్చును. పడుగు షావుకారుదైనచో రాయితీ నేతగాని చేతికి రాదు. నేతగాండ్రలో పెద్దభాగము షావుకార్ల క్రిందికి పోయిన కొలది దుకాణమున కొనువారు తక్కువైరి. కొనువారు తక్కువైన కొలది రంగులు, నంబర్లు తెప్పించుట తగ్గినది. కావలసిన రంగు లేనందున మిగిలినవారును షావుకారునే ఆశ్రయించిరి. ఇది యొక చక్రము. ఎక్కడ పట్టుకొని ఆపవలెనో సంఘమువారికి తోచలేదు. సర్వసభ్యసమావేశమున తీర్మానము చేసి మూసిరి. తీర్మానమునకు వ్యతిరేకముగా చేయి యెత్తినవారు నలుగురు. ఆ నలుగురును దుకాణమున నెలనెల నూలు కొనుచుండినవారే. అనుకూలముగా ఎత్తినవారిలో పెక్కుమంది నేతమానినవారు, వాటాధనము తిరిగి వచ్చునని యెదురుచూచుచున్నవారు. వారిని నేను తప్పుపట్టను. అయినను, నూలు కొననివారి యోట్లతో నూలుకొట్టు మూతపడుట న్యాయమా యని నా కనిపించినది. ఆ మాట ఆనాడే వారితో అంటిని.

ఇతరచోట్ల ఏమి చేయుచున్నారని మీరడుగవచ్చును. మల్ఖా అను పేర తెలుగుదేశమున ఒక ప్రయత్నము నడచినది. మల్‌మల్, ఖాదీ అను రెండు మాటల కలయిక ఆ పేరు. పత్తిని గట్టిబేళ్లుగా నొక్కి దూరపు మిల్లులకు పంపుటవలన దాని పోగులోని జీవము పోవునని వారి అభిప్రాయము. పండినచోటికి దగ్గరలోనే, నొక్కని పత్తితో, చిన్నయంత్రములమీద నూలు వడికి దగ్గరి మగ్గములకే యిచ్చుట వారి పద్ధతి. ఆ బట్ట మెత్తదనము నేను చేతితో చూచితిని, మాట నిజమే. అయితే అది ఊరూరను వ్యాపింపలేదు. పెట్టుబడి, పనివారు, కరెంటు, నిత్యమైన అమ్మకము అను నాలుగును ఒక్కచోట కుదురుట కష్టము.

నా మట్టుకు నాకు తోచినది చిన్నది. ప్రతి ఊరను దుకాణము నిలుపలేకపోయినచో, అయిదారు నేత ఊళ్లకు నడుమ ఒక్కటైనను ఉండవలెను. అక్కడ కట్ట విప్పి తూచి అమ్మవలెను. నంబరు పరీక్షించి అమ్మవలెను. రాయితీ అర్ధకిలో కొన్నవానికి కూడ అక్కడికక్కడనే తగ్గింపవలెను. కట్టలుగా కొనువానికి చేయు సహాయము కట్టలు కొనగలవానికే పోవునని వేరుగా చెప్పనక్కరలేదు. లెక్కల కిబ్బంది యని యధికారులు అందురు. ఎనిమిదవ తరగతి చదివిన మా గుమాస్తా ఆ లెక్కలను పెన్సిలుతో వ్రాసెడివాడు.

దుకాణము మూసిన తరువాత మూడునెలలకు తక్కెడను, బీరువాలను వేలము వేసిరి. తీర్మానమునకు ఎదురు చేయి యెత్తిన ఆ నలుగురు మాత్రము నేత మానలేదు, షావుకారు క్రిందికి పోలేదు. ఫోనుమీద చెప్పి పట్టణమునుండి నెలకొక కట్ట తెప్పించుకొనుచున్నారు. బస్సులో వచ్చును. తక్కెడ లేదు గనుక చిలపలను లెక్కపెట్టి పంచుకొందురు. నంబరు సరిగానున్నదో లేదో చూచుటకు ఆ ముసలిగుమాస్తా యింటికి ఒక చిలప పట్టుకొనిపోవుదురు. ఆయనకు ఇప్పుడు ముందుపండ్లు లేవు. వ్రేళ్లతోనే పురి చూచి చెప్పుచున్నాడు. పోయిన నెల వారితో అయిదవవాడు చేరినాడు. వానికి తెలుపు అక్కరలేదట, ఎరుపు కావలెనట. ఎరుపు కట్ట తెప్పించుటకు ఇంకొకనిని వెదకుచున్నారు.